పెట్టెలో మిగిలిన పాటలు

పిల్లలూ, కొత్త రికార్డు వచ్చిందంటే అందులోవన్నీ కొత్తగా పాడిన పాటలే అని మనం అనుకుంటాం. అలా కాని రికార్డు సంగతి ఒకటి చెబుతాను, వినండి.

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే ఆయన 1949లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. గిటార్లూ, డ్రమ్ములూ హోరెత్తే రాక్ సంగీతంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. 1998లో ఆయన "ట్రాక్స్" అనే పేరుతో నాలుగు సీడీలు విడుదల చేశాడు. వాటిలో 66 పాటలున్నాయి. కొన్ని అదివరకు చిన్న రికార్డుల వెనకవైపున వచ్చినవే. చాలా పాటలు మాత్రం ఏళ్ళ తరబడి పెట్టెల్లో ఉండిపోయినవి. మొదటి నాలుగూ 1972 మే నెలలో, తన ఇరవైరెండో ఏట, కొలంబియా రికార్డు కంపెనీ వారు పరీక్ష పెడితే పాడినవి!

"మంచి పాటలైతే అప్పుడే ఎందుకు విడుదల చెయ్యలేదు?" అని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో రికార్డుకు ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా మాత్రమే పాటలు పట్టేవి. పైగా పాటలన్నీ ఒకే కథలోని ఘట్టాల్లా అమరాలని ఆయన పట్టుదల. అందుకే 1978 నాటి రికార్డుకు డజన్లకొద్దీ పాటలు తయారుచేసి, పదింటినే ఉంచాడు. మాలలో ఇమడనంత మాత్రాన అది వాడిన పువ్వు కాదు గదా!

ఇంకొక విచిత్రం చూడండి. 1982 జనవరిలో ఆయన ఇంట్లో ఒంటరిగా కూర్చుని, చిన్న క్యాసెట్టు యంత్రం మీద కొన్ని పాటలు పాడుకున్నాడు. వాటిలో చాలావరకు అదే ఏడు "నెబ్రాస్కా" రికార్డుగా వచ్చాయి. "బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ." అనే పాట అందులో చేరలేదు. 1984లో అది వాద్యబృందంతో, పెద్ద హోరుతో వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి, పని దొరకక తిరిగే సైనికుడి గోడు అది. హోరులో మాటలు పట్టించుకోక, దేశానికి జేజేలు కొట్టే పాట అని చాలామంది పొరబడ్డారు. ఇంట్లో ఒంటి గిటారుతో పాడింది "ట్రాక్స్"లో విన్నవారికి ఆ దుఃఖం ఇట్టే తెలిసిపోతుంది.

పాత టేపులు దాచటం కూడా తేలిక కాదు. టేపు అంటే ప్లాస్టిక్ నాడా మీద జిగురుతో అంటించిన ఇనుప ఆక్సైడు పొడి. ధ్వని ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా నిలుస్తుంది. కొన్ని రకాల టేపుల్లో జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ తేమ పీల్చి బంకబంకగా అవుతుంది. అప్పుడు యంత్రానికి ఎక్కిస్తే పొడి ఊడిపోతుంది. అందుకని నిపుణులు అలాంటి టేపును సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. జిగురు కొంతకాలం గట్టిపడుతుంది. ఆలోగా పాటకు నకలు తీసుకోవాలి. ఈ పని ఇంట్లో పొయ్యి దగ్గర చెయ్యరాదు సుమా!

మీ ఇంట్లోనూ తాతగారి పద్యమో, అమ్మమ్మ జోలపాటో ఉన్న పాత క్యాసెట్టు ఏ అటకమీదో ఉండవచ్చు. అమ్మానాన్నలనడిగి దించండి. తెలిసినవారి చేత నకలు తీయించి, పాడినవారి పేరూ, సంవత్సరమూ రాసి పెట్టండి. టేపు పాడైతే ఆ గొంతు మళ్ళీ దొరకదు.