ఒకరికి వాన, ఒకరికి ఎండ

ఈ వారం కబుర్లు మా జి.మాడుగుల నుంచి. వైజాగ్‌లో ఫ్యాన్ కింద కూడా చొక్కా తడిసిపోతుంటే, ఇక్కడ పొద్దున్నే దుప్పటి తియ్యబుద్ధి కాలేదు. ఏప్రిల్ వచ్చినా మా కొండల్లో తెల్లవారుజాము చలి వదలదు. లేచేసరికి అమ్మ వాకిట్లో ఉడికించిన పసుపు కొమ్ములు పరిచేసింది. అయ్య మాత్రం ఆకాశం కేసి చూస్తున్నాడు.

ఈ రోజుల్లో మా ఇంట్లో ఇదే గొడవ. అయ్యకి వాన కావాలి, అమ్మకి ఎండ కావాలి. కాఫీ మొగ్గలు కొమ్మనంటుకుని వాన కోసం నిద్రపోతుంటాయి. అంగుళం దాకా ఒక్క మంచి వాన పడితే, ఎనిమిది పది రోజులకి తోటంతా ఒకేసారి పూస్తుంది. తెల్లగా, మల్లెల్లాంటి వాసనతో. ఆ పువ్వు ఉండేది రెండు మూడు రోజులే. వాన చాలకపోతే కొన్ని మొగ్గలు సగం విచ్చుకుని చెడిపోతాయి. చలికాలంలో కొయ్యడానికి ఆ మేరకు పండు ఉండదు. పసుపుకి అదే వాన శత్రువు. పది పదిహేను రోజులు గలగలలాడేలా ఎండాలి. తడిసిందా, సంతలో షావుకారు కొమ్ము విరిచి చూసి రేటు కోసేస్తాడు.

టీ తాగి అయ్యతో తోటకెళ్లాను. గెడ్డకి అవతల పెదనాన్న తోట తెల్లగా మెరిసిపోతోంది. తేనెటీగల రొద ఇవతలికే వినిపిస్తోంది. మా తోటలో మాత్రం చెట్టుకి రెండు కొమ్మలు పూస్తే గొప్ప. పది రోజుల కిందటి వాన గెడ్డ దాటలేదట. ఫోన్లో ఆ రోజు లెక్క తీశాను. మండలం మొత్తానికి ఒకటే అంకె ఉంది.

"మోటారు పెట్టి ఊట నీళ్లు చల్లుదాం అయ్యా, డబ్బులు నేనిస్తాను" అన్నాను.

"ఊట నీళ్లు ఊరు తాగాలిరా. మే నెల ఎలాగెల్తాది?"

ఆఫీసులో ఏ సమస్య వచ్చినా ఇంకో సర్వర్ తగిలించడం నాకు అలవాటు. నోరు మూసుకున్నాను. అయ్య ఒక కొమ్మ వంచి చూపించాడు. "ఇయి ముడుచుకునే ఉన్నాయి, సూడు. వానొస్తే పూస్తాయి."

సిల్వర్ ఓక్ నీడలో చాలాసేపు కూచున్నాం. ఎక్కడో కంసాలి పిట్ట టుక్ టుక్‌మంటోంది. ఒక తేనెటీగ మా మొగ్గ మీద వాలి, చూసుకుని, గెడ్డ దాటి పోయింది.

మూడింటికి మబ్బు పట్టింది. ఒక్క ఉరుము ఉరిమిందో లేదో అయ్య మొహం వెలిగిపోయింది.

"వాన కావాలని మొక్కీసినావు కదా, రా, గోనె పట్టు!" అని అరిచింది అమ్మ.

నాయనమ్మతో సహా అందరం పసుపు ఎత్తాం. ఆఖరి గోనె లోపలికి చేరాక పది చినుకులు పడ్డాయి. అంతే. మబ్బు చింతపల్లి వైపు పోయింది.

అమ్మ నేల తడిమి చూసి, "మళ్లీ పరిచీనా?" అని అడిగింది.

అయ్య ఇంకా ఆకాశం వైపే చూస్తూ, "ఇంకో గంట ఆగు" అన్నాడు.