బూడిదలో ధరల జాబితా

ఈసారి వంటలూ పండగలూ పక్కన పెడుతున్నాను. మేముండే కొలరాడోలో, మా పక్క ఊళ్ళు సుపీరియర్, లూయిస్‌విల్‌ల సంగతి మీకు చెప్పాలి.

కార్చిచ్చు అనగానే అడవి గుర్తొస్తుంది కదా. ఇక్కడ అడవి లేదు. ఇళ్ళ వెనక గడ్డి మైదానం, అంతే. 2021లో వసంతంలో వానలు బాగా పడి గడ్డి ఏపుగా పెరిగింది. ఆ తర్వాత ఆరు నెలలు చినుకు కరువై ఎండిపోయింది. డిసెంబరు 30న కొండల మీంచి గంటకు 100 మైళ్ళు దాటిన గాలి దిగింది. పొద్దున పదకొండు ప్రాంతంలో అంటుకున్న మంట రాత్రికల్లా 1,084 ఇళ్ళను తినేసింది. ఇద్దరు చనిపోయారు. నిప్పురవ్వలు చూరు కింద గాలి కన్నాల్లోంచి అటకల్లోకి దూరాయి. చెక్క ఫెన్సులు వత్తుల్లా పనిచేశాయి. ఇళ్ళూ చెక్కవే కాబట్టి ఒక ఇల్లు పక్కింటిని అంటించింది. మర్నాడు రాత్రికి మంచు కురిసింది. ఒక్కరోజు ముందు పడి ఉంటే అని ఇక్కడ అనుకోనివాళ్ళు లేరు.

జనవరిలో ఒక స్నేహితురాలికి తోడుగా సుపీరియర్ వెళ్ళాను. పోస్టు డబ్బా నిలబడే ఉంది. వాకిలి మెట్లు మూడూ ఉన్నాయి, ఎక్కితే ఎదురుగా గొయ్యి. బేస్‌మెంట్ నిండా మంచు కప్పిన బూడిద. కట్టెల పొయ్యి వాసన కాదు, కాలిన ప్లాస్టిక్ వాసన. మాస్కులోంచి కూడా గొంతు పట్టేసింది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. కళ్ళు వాటంతటవే లెక్కలు వేశాయి. అల్యూమినియం కుక్కర్ కరిగి నేల మీద వెండి మడుగులా గడ్డకట్టింది, అంటే 660 డిగ్రీలు దాటింది. ఇత్తడి కుంది సగం కరిగి ఒరిగిపోయింది, 900 దాటింది. స్టీలు ఇడ్లీ స్టాండు మాత్రం నల్లబడి అలాగే ఉంది. మేలిమి బంగారం 1,064 దగ్గర కరుగుతుంది, నగల బంగారం ఇంకాస్త ముందే. కరిగినా బంగారం ఎక్కడికీ పోదు, వెతుకుదాం అన్నాను. ఇనప జల్లెడతో మూడు గంటలు జల్లించాం. అమ్మమ్మ గాజులు దొరికాయి. గాజుల్లా కాదు, చింతగింజంత ముద్ద ఒకటి, ఇంకో చిన్న ముక్క. తను అవి రుమాల్లో మూట కట్టుకుంది. ఏడవలేదు.

ఏడ్చింది ఇన్సూరెన్సు జాబితా దగ్గర. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ రాయాలి: పేరు, ఎన్నేళ్ళది, ఎంతకి కొన్నారు. గరిటెల నుంచి వెట్ గ్రైండర్ దాకా. వయసుని బట్టి తరుగు తీసేస్తారు. అలా తీస్తే వాళ్ళమ్మ పెళ్ళినాటి కంచిపట్టు చీర విలువ దాదాపు సున్నా. మనకి పాతబడేకొద్దీ విలువ పెరిగే వస్తువులు ఆ లెక్కలో ఏ గడిలోనూ ఇమడవు. ఈ బాధ చూశాకే కాబోలు, 2022లో కొలరాడో చట్టం మార్చింది. ఇలాంటి ప్రకటిత అగ్ని విపత్తులో సొంతిల్లు పూర్తిగా పోతే, జాబితా అడగకుండానే సామాన్ల కవరేజీలో కనీసం 65 శాతం ఇవ్వాలి. మీ రాష్ట్రంలో ఎలా ఉందో, మీ పాలసీలో ఇల్లు మళ్ళీ కట్టడానికి చాలినంత రాసి ఉందో లేదో ఈ వారమే చూడండి. ఇక్కడ చాలామందికి చాల్లేదు.

ఇళ్ళు నిలిచినవాళ్ళ కష్టం ఇంకోరకం. కిటికీ సందుల్లోంచి మసి బియ్యం డబ్బాల దాకా వెళ్ళింది. కానీ పక్కింటి గొయ్యి చూస్తూ ఎవరికి చెప్పుకుంటారు?

నా స్నేహితురాలి జాబితా సగం పూర్తయింది విజయవాడలో వాళ్ళమ్మ ఫోను వల్ల. గృహప్రవేశం వీడియోలో వంటింటి అరలన్నీ కనిపించాయి. ఆవిడ ఒక్కటీ డిలీట్ చెయ్యలేదట. సంక్రాంతి బొమ్మల కొలువు ఫొటోలు పెద్దవి చేసి ఇద్దరం బొమ్మలు లెక్కపెట్టాం. నలభై రెండు. ధర ఎంత వెయ్యాలని వాళ్ళమ్మని ఫోన్లో అడిగితే, "అవి కొన్నవి కాదే, మా అత్తగారిచ్చినవి" అంది.