మెటఫర్ మన వంటింట్లోనే ఉంది

మాది శ్రీకాకుళం. ఈ మాట అనగానే చాలామంది ఉత్తరాంధ్ర అనుకుంటారు. కాదండీ, కృష్ణా జిల్లాలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న చిన్న ఊరు మాది. కళింగం మీదికి దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడని, ఏకాదశి ఉపవాసం చేసిన రాత్రి స్వామి కలలో కనిపించి గోదాదేవి కథను తెలుగులో రాయమన్నాడని ఆయనే ‘ఆముక్తమాల్యద’ మొదట్లో చెప్పుకున్నాడు. అలాంటి ఊళ్లో పుట్టిన మా అమ్మాయి, మొన్న దసరా సెలవలకి ఇంటికొచ్చి "అమ్మా, నేను లిటరేచర్ మానేస్తాను, నాకు రాదు" అని కూర్చుంది.

బందరులో డిగ్రీ మొదటి సంవత్సరం. సంగతేమిటంటే, క్లాసులో ఐరనీకి ఒక ఉదాహరణ చెప్పమన్నారట. నిర్వచనం గడగడా చెప్పింది. ఉదాహరణ దగ్గర ఆగిపోయింది. "తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇవి ఎక్కవులే" అన్నారట. ఆ మాట పిల్ల మనసులో ముల్లులా దిగింది.

నేను ఇంటర్ తర్వాత పెళ్లయి చదువాపేసినదాన్ని. ఎప్పట్లాగే "నాకేం తెలుసు తల్లీ ఆ ఇంగ్లీషు, మీ నాన్ననడుగు" అనబోయాను. ఎందుకో ఆగి, నోట్సు ఇలా ఇవ్వమన్నాను. సిమిలీ, మెటఫర్, హైపర్‌బోలీ, పర్సానిఫికేషన్, ఐరనీ... నాలుగు పేజీల నిండా పేర్లు, వాటి పక్కన బట్టీ పట్టే నిర్వచనాలు. ఒక్కదాని పక్కనా మనకి తెలిసిన మాట లేదు.

పదో తరగతి తెలుగు పుస్తకంలో ఉపమ, రూపకం, అతిశయోక్తి మనమందరం చదివాం కదా. "ముఖం మాడిన అట్టులా పెట్టుకున్నాడు" అంటే సిమిలీ. "ఆవిడ మాట పచ్చిమిరపకాయ" అంటే మెటఫర్. ‘లా’ ఉంటే మొదటిది, ‘లా’ తీసేసి అదే ఇది అనేస్తే రెండోది. "గుండె చెరువైంది" అని మా అత్తయ్యగారు రోజుకోసారైనా అంటారు. ఆవిడ బడి గడప తొక్కలేదు, మెటఫర్ లేకుండా మాత్రం మాట్లాడలేరు.

ఇక ఐరనీ. దానికి మా ఊరి గుడే పాఠం చెప్పింది. ఇక్కడికి దగ్గర్లోని దివిసీమ కవి కాసుల పురుషోత్తమ కవి, మా స్వామి మీద ‘ఆంధ్రనాయక శతకం’ రాశాడు. పైకి తిట్టినట్టుంటుంది, లోపల అంతా పొగడ్తే. వ్యాజస్తుతి అంటారు దాన్ని. అందులో ఒక పద్యం మా నాన్న పాడేవారు. పద్యం ఇక్కడ రాయను కానీ, భావం ఇది: భార్య భూదేవి బరువంతా మోస్తుంటే, అన్నీ మోసేవాడన్న పేరు నీకొచ్చింది. లక్ష్మి వల్ల సంపన్నుడివయ్యావు. కొడుకు బ్రహ్మ వల్ల, కూతురు గంగ వల్ల ఇంకా గొప్పవాడివయ్యావు. ఆలుబిడ్డలు తెచ్చిపెట్టిన పేరే కానీ నీదేముంది స్వామీ?

అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా, ఇది మనింటి సంగతే!" అంది. వసారాలో పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తలేదు. "పైకి ఒకటి అని లోపల ఇంకొకటి అనుకోవడం, వినేవాడికి ఆ లోపలిది తెలియడం. ఇదే కదా నీ ఐరనీ" అన్నాను. "ఇది వెర్బల్ ఐరనీ అమ్మా, ఇంకా రెండున్నాయి" అని తనే మొదలుపెట్టింది. చుట్టూ నీళ్లున్న దివిసీమలో సముద్రం వైపు ఊళ్లవాళ్లు తాగే నీళ్లు కొనుక్కోవడం సిట్యుయేషనల్. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలిసి పెళ్లివారికి తెలియకపోవడం డ్రమాటిక్. క్లాసులో ఒక్క ఉదాహరణకి నోరు పెగలని పిల్ల, మా వంటింట్లో పావుగంటలో రెండు చెప్పింది.

అందుకే నా అభిప్రాయం ఇది. ఈ పేర్లు అనవసరమని నేననను. పేరు తెలియకపోతే పరీక్ష రాయలేం, మరొకరితో ఆ విషయం మాట్లాడనూ లేం. కానీ పసిబిడ్డ పుట్టాకే బారసాల చేస్తాం. ముందు వస్తువు తెలియాలి, తర్వాత పేరు పెట్టాలి. పిల్లలకి మనం తిరగేసి ఇస్తున్నాం.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. అన్నిటికీ ఒకటికొకటి జత కుదరదు. వ్యాజస్తుతి ఐరనీలో ఒక ముక్క మాత్రమే, ఐరనీ అంతకంటే పెద్దది. మన ఉత్ప్రేక్షకి ఇంగ్లీషులో సరిగ్గా అతికే పేరు లేదు. రూపకం అంటే మనకి నాటకం కూడా. కాబట్టి తెలుగు మాట మెట్టులాంటిది. దాని మీద కాలు పెట్టి ఎక్కాలి కానీ అక్కడే కూర్చోకూడదు.

రాత సంగతీ అంతే. థీసిస్ స్టేట్‌మెంట్ అంటే భయపడుతుంటే, "మొన్న విహారయాత్రకి వెళ్తానని నాన్నని ఎలా అడిగావు? ముందు కావలసింది ఒక్క వాక్యంలో చెప్పి, తర్వాత కారణాలు వరసగా పెట్టలేదూ?" అన్నాను. పారాఫ్రేజ్ అంటే చిన్నప్పటి నుంచీ పద్యాల కింద రాసిన తాత్పర్యం, మన మాటల్లో. ఫోనులో దొరికింది దింపేస్తే తాత్పర్యం అవదు, చూచిరాత అవుతుంది.

చివర్లో అండర్‌స్టేట్‌మెంట్ దగ్గర ఇద్దరం ఆగాం. అత్తయ్యగారి పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలాదిమందితో పాటు ఆవిడ తమ్ముడూ పోయాడు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ రాత్రి గురించి "ఆ ఏడు నీళ్లొచ్చాయి" అని తప్ప ఇంకో మాట అనలేదు. అమ్మాయి ఆవిడ మంచం వైపు చూసి, నోట్సులో ఆ మూడు మాటలూ తెలుగులోనే రాసుకుంది. ఆ పేజీలో నిర్వచనం రాయలేదు.

సెలవలయ్యాక బందరు బస్సెక్కింది. లిటరేచర్ మానలేదు. మార్కులెన్నొస్తాయో నాకు తెలియదు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "అమ్మా, తాతయ్య పాడే ఆ పద్యం మొత్తం చెప్పు, రాసుకుంటాను" అంది. రెండో పాదం దగ్గర నేనే తడబడ్డాను. గుళ్లో పూజారిగారినడిగి సరిచేసుకుని మళ్లీ చెప్పాను.

మీ పిల్లలు అలాంటి పుస్తకం తెచ్చినప్పుడు "నాకేం తెలుసు" అనకండి. పేరు తెలియకపోవచ్చు. ఆ వస్తువు మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచీ మన నోట్లోనే ఉంటుంది.