నరకానికి టికెట్టు

సింగపూర్‌లో పనిచేసొచ్చిన ప్రతి తెలుగువాడి దగ్గరా సెంతోసా ఫోటోలుంటాయి. మెర్లయన్ నోట్లోంచి పడే నీళ్ళు తాగుతున్నట్టు ఒక ఫోజు కూడా తప్పనిసరి. హా పార్ విల్లా ఫోటోలు మాత్రం నేనెవరి దగ్గరా చూళ్ళేదు. వెళ్ళొచ్చిన ఒకరిద్దరు కూడా "ఛీ, సిమెంటు బొమ్మలు, ఆ రంగులేంటి" అనేస్తారు. ఆ "ఛీ" మీదే నా పేచీ.

2009లో చైనీస్ కొత్త సంవత్సరం జనవరి 26న వచ్చింది, సరిగ్గా మన రిపబ్లిక్ డే నాడు. సోమ, మంగళ రెండ్రోజులు సెలవు. ఊళ్ళోవాళ్ళంతా షాపులు మూసి చుట్టాలిళ్ళకు పోతే, ప్రాజెక్టు మీద వెళ్ళిన నాలాంటివాళ్ళకి లిటిల్ ఇండియా తప్ప దిక్కులేదు. నేను బస్సెక్కి పసిర్ పంజాంగ్ రోడ్డులో ఉన్న ఈ తోటకి పోయాను.

టైగర్ బామ్ తెలుసు కదా, అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు మనవాళ్ళు అరడజను డబ్బాలు తెస్తారు, అదే. ఆ బామ్‌తో కోట్లు గడించిన ఆవ్ బూన్ హా 1937లో తమ్ముడి కోసం కట్టించిన ఇల్లూ తోటా ఇది. యుద్ధం తర్వాత ఇల్లు పోయింది, తోట మిగిలింది. వెయ్యికి పైగా బొమ్మలు, అన్నీ చైనా పురాణాలూ నీతికథలూ. అసలు సంగతి నరకం. అందులో పది కోర్టులు. పన్నులు, ఇంటద్దె ఎగ్గొట్టినవాణ్ణి పెద్ద రాయితో దంచుతారు. అన్నం పారేసినవాణ్ణి రంపంతో రెండుగా కోస్తారు. పరీక్షల్లో కాపీ కొడితే పేగులు లాగేస్తారు. (ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవాళ్ళకి ఏ శిక్షో రాసిలేదు, అమీర్‌పేట బతికిపోయింది :)) ఐదో కోర్టు జడ్జి యాన్‌లువో ఎవరనుకున్నారు? మన యముడే. బౌద్ధంతో పాటు చైనా వెళ్ళి పేరు మార్చుకున్నాడు. మనందరికంటే ముందు ఆన్‌సైట్ వెళ్ళింది ఆయనే.

బొమ్మలు అందంగా ఉన్నాయా అంటే, లేవు. నెత్తురు అచ్చంగా ఎర్ర పెయింటే. కానీ ఆరోజు ఒక తాత మనవడి చెయ్యి పట్టుకుని ఒక్కో కోర్టు ముందు ఆగి ఏదో చెప్తున్నాడు. నాకు భాష రాదు గానీ ఏం చెప్తున్నాడో తెలుస్తూనే ఉంది. పిల్లాడు తాత చొక్కా చాటునుంచి తొంగి చూస్తున్నాడు. వాళ్ళ వెనకే నలుగురు టూరిస్టులు, ఆ పేగుల పక్కన నిలబడి నవ్వుతూ ఫోటోలు.

నాకు వెంటనే మా సురేంద్రపురి గుర్తొచ్చింది. నాది నల్గొండ. యాదగిరిగుట్ట పక్కనే ఉంటుందది (2016 నుంచి వేరే జిల్లా అయింది, మేం మాత్రం మాదే అంటాం). కుందా సత్యనారాయణ గారు పోయిన కొడుకు సురేంద్ర పేరు మీద కట్టించారు. బ్రహ్మలోకం, కైలాసం, నరకం, అన్నీ సిమెంటులోనే. మా నాయినమ్మని తీసుకెళ్తే నరకలోకం దగ్గర చెంపలేసుకుని "సూసినవా బిడ్డా, గిట్లనే నూనెల ఏపుతరు" అంది. కైలాసం ముందు చెప్పులిప్పింది. అదే చోటికి వచ్చిన మా ఫ్రెండ్స్ "టేస్ట్ లేదు భయ్యా" అన్నారు. ఎండ్ యూజర్ మా నాయినమ్మ అయితే వీళ్ళు బగ్గులు రాయడమేంటి?

సరే, టేస్ట్ ఉన్నవాళ్ళు చెయ్యి పెడితే ఏమవుతుందో హా పార్ విల్లాయే చూపించింది. 1985లో ప్రభుత్వం తీసుకుంది. 1990లో 'డ్రాగన్ వరల్డ్' అని పేరు మార్చి, టికెట్టు పెట్టి, పడవ సవారీలు పెట్టారు. నష్టాలొచ్చాయి, చివరికి మళ్ళీ ఉచితం చేశారు. 2021లో నరకాన్ని మాత్రం విడిగా మ్యూజియం చేసి దానికి టికెట్టు పెట్టారు. నయమే లెండి. హాంగ్‌కాంగ్‌లో ఆయనే కట్టించిన తోటని 2004లో పడగొట్టారు, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. కానీ మ్యూజియంలో బోర్డులు చదివి తెలుసుకునేవాడూ, తాత చొక్కా పట్టుకుని వణికినవాడూ చూసింది ఒకే నరకం కాదు.

రేపు సురేంద్రపురికి కూడా ఎవడో కన్సల్టెంటు వచ్చి లేజర్ షో పెడదామంటాడు. ఆలోపు ఇంట్లో నాయినమ్మలు, అమ్మమ్మలు ఉన్నవాళ్ళు ఒకసారి తీసుకెళ్ళండి. ఎండాకాలం మాత్రం వద్దు, లోపల నడక చాలా ఎక్కువ.