సైగానువీథిలో మన మడి

మడి వంటయింటిలో మాత్రమే యుండునని మనము తలచుచుందుము. కాని యది విమానమెక్కి పోగలదు, సముద్రములు దాటగలదు, పరదేశపు హోటలుగదిలో మనకంటె ముందుగా దిగి కూర్చుండగలదు. ఒకప్పుడు సముద్రయానము చేసినవారిని వెలివేసిన సంఘమే నేడు దానిని ఘనతగా నెంచుచున్నది. ఈ మార్పు సంతోషకరమే. అయితే దేహము దాటినంత సులభముగా మనస్సు దాటినదా? ఈ ప్రశ్నకు ఉత్తరము గ్రంథములలో వెదుకనక్కఱలేదు. వియత్నాము దేశపు మహానగరమునకు విహారార్థము పోయిన మనవారు అచటి వీథులలో నెట్లు నడచుకొనుచున్నారో చూచిన చాలును.

హైదరాబాదునుండి వియత్నామునకు నేరుగా విమానములు మొదలైన పిమ్మట తెలుగు కుటుంబములకు ఆ దేశము చేరువయైనది. అందు దక్షిణభాగమున నున్న హోచిమిన్ నగరమునకు 1976 వఱకు సైగాను అని పేరు. జనుల నోట నేటికిని ఆ పేరే మెదలుచున్నది. అచట యాత్రికులకొఱకు ఒక విశేషమైన యేర్పాటు కలదు. ఒక్కొక్క యతిథికి ఒక్కొక్క మోటారు సైకిలు. దానిని నడపుటకు ఆ నగరమువారే యైన యొక యువతియో యువకుడో. మూడు నాలుగు గంటలసేపు అతిథిని వెనుక కూర్చుండబెట్టుకొని, సందులలోను సంతలలోను త్రిప్పి, నాలుగైదు చోట్ల నిలిపి, చోటున కొక్క వంటకము తినిపించి, నడుమ నడుమ ఆ యూరి కథ చెప్పి, తిరిగి బసకు చేర్చుదురు. ఇతర యాత్రికులతో కలపక ఒక్క కుటుంబమునకే ప్రత్యేకముగా నేర్పఱచుదురు గనుక దారియు వంటకములును మన యిచ్చ ననుసరించి యుండును.

ఆ నగరమును తెలిసికొనుటకు ఇంతకంటె మంచి మార్గము మాకు కనబడదు. అది మోటారు సైకిళ్ళ నగరము. జనులు బడికి, పనికి, సంతకు దానిమీదనే పోవుదురు; బియ్యపు బస్తాలు, పూలమోపులు, ఇంటి సామానులు దానిమీదనే మోయుదురు. కారు అద్దముల వెనుకనుండి ఆ ప్రవాహమును చూచినవానికి అది గందరగోళముగా తోచును. అందులో కలిసి కదలినవానికి దాని క్రమము తెలియును. పెద్ద బస్సులు ప్రవేశింపజాలని ‘హెం’ అను ఇరుకుసందులలోనే ఆ నగరపు సంసారము చాలవఱకు జరుగుచున్నది.

ఇట్టి యాత్రను మనవారు మూడు విధముల తిరస్కరించుచున్నారు. వీథితిండి మనకు తగదందురు. ఆడువారు పరాయివారి బండిమీద కూర్చుండుట తగదందురు. బండి నడపువారితో ఒక బల్లయొద్ద భుజించుట మన మర్యాద కాదనునది మూడవది. దీనిని నోటితో ననరు, చేతలలో చూపుదురు. ఈ మూడును వేఱువేఱు మాటలు కావు, ఒక్క మడికే మూడు పేర్లని మా వాదము.

మొదటి యాక్షేపణ ఆరోగ్యము పేరుతో వచ్చును. ఆరోగ్యచింత నిజమైనదైనచో మేము దానిని శిరసావహింతుము. మంచుముక్కలు ఏ నీటితో చేసినవి, పచ్చియాకులు బాగుగా కడిగినవా, అని విచారించుట వివేకమే. కాని ఆరోగ్యశాస్త్రము అడుగు ప్రశ్నలు వేఱు. వంటకము తగినంత వేడిలో ఉడికినదా? వండి యెంతసేపైనది? నీరు మంచిదా? చేతులు శుభ్రమైనవా? మడి యడుగు ప్రశ్న యొక్కటే: వండిన దెవరు? గంటలకొలది మరగిన పులుసును కన్నులయెదుట గిన్నెలో పోసి యిచ్చు ‘ఫొ’ అంగడిని కాదని, మనదేశపు పేరు వ్రాసికొన్న భోజనశాలకు వెదకికొని పోయి, తలుపు మూసిన వంటగదిలో ఎవ్వరు ఎప్పుడు వండిరో తెలియని చల్లారిన పూరీలను నిశ్చింతగా తినువారు ఆరోగ్యమునకై భయపడుచున్నారని యెట్లు నమ్ముదుము? వారు భయపడునది సూక్ష్మజీవులకు కాదు, మనుష్యులకు.

ఆ భయమును విడిచినవానికి ఆ వీథిలో తన చుట్టములే కనబడుదురు. ‘కొమ్ తామ్’ అను భోజనము అచట మిక్కిలి ప్రసిద్ధము. అనగా నూకల యన్నము. విఱిగిన గింజలు అమ్ముడుపోక మిగులగా పేదకర్షకులు వానినే వండుకొని తినెడివారు. నేడు ధనికులును దానిని కోరి తినుచున్నారు; నగరమునకే యది గుర్తైనది. మనమో, ఆయువు తీరినదనుటకు నూకలు చెల్లినవందుము. అనగా మన బ్రదుకును కొలిచిన కొలత నూకలే. అయినను అతిథికి నూకల యన్నము వడ్డించుటకు సిగ్గుపడుదుము. పేదవాని కంచమును దాచిపెట్టక ఊరికంతకును అలంకారముగా చేసికొనుట యెట్టి సంస్కారమో చదువరులు ఆలోచింపవలెను.

‘బాన్ సెయో’ అనునది బియ్యపుపిండిలో పసుపు కలిపి పెనముమీద పోయు అట్టు. పిండి పెనమును తాకినప్పుడు పుట్టు ధ్వనియే దానికి పేరైనది. మన యట్టు చుయ్యి మన్నట్లే యదియు పలుకును. ‘బాన్ మీ’ అనునది ఫ్రెంచివారు తెచ్చిన రొట్టె. ఆ జనులు దొరలను సాగనంపిరి గాని రొట్టెను సాగనంపలేదు. పులియబెట్టిన ముల్లంగి, కొత్తిమీర, మిరపకాయ దానిలో నింపి తమదిగా చేసికొనిరి. ‘కా రి’ అను పేరు వినగానే అది యెచటిదో మనకు తెలియును. మన దేశపు కూరయే అచట కొబ్బరిపాలతో ఉడికి, ఆ రొట్టెతో నంజుకొనబడుచున్నది. పరుల వంటకమును తెచ్చుకొనియు తమ జాతీయతను పోగొట్టుకొనకుండుట వారు నేర్చిన విద్య. ముట్టుకొన్న మాత్రమున మైలపడునంత బలహీనమైనది సంస్కృతి యగునా?

మాంసము తినుడని మేము చెప్పుట లేదు. శాకాహారము ఒక నియమము. దానిని పాటించుటలో లోపము లేదు. ఆ దేశపు బౌద్ధులలో అనేకులు చాంద్రమాసము మొదటి దినమునను పదునైదవ దినమునను మాంసము మానుదురు. ‘చై’ అని పలక కట్టిన అంగడి శాకాహారశాల; అది మన తేనీరు కాదు. చేపలను ఉప్పులో నానవేసి తీసిన ‘నుఒక్ మామ్’ అను రసము అచటి వంటకములలో అనేకములందు కలియును గనుక, యాత్ర కుదుర్చుకొనునప్పుడే ‘చై’ అని స్పష్టముగా చెప్పవలెను. ఒక్క కుటుంబమునకే యేర్పఱచిన యాత్రలో అంగళ్ళను మార్చుట వారికి కష్టము కాదు. కాని నియమము వేఱు, ఏవగింపు వేఱు. ‘నేను తినను’ అనుట నియమము. ‘నీవు తినుచుండగా నీ ప్రక్కను కూర్చుండను’ అనుట మడి.

ఈ యేవగింపునకు తోడుగా మనకొక గర్వమును కలదు. ప్రాచీన చంపాదేశపు శివాలయములను తలచుకొని, వారికి నాగరికత మనమే నేర్పితిమని పొంగుదుము. సైగాను నడిబొడ్డున తమిళదేశపు చెట్టియార్లు కట్టించిన మారియమ్మ గుడి నేటికిని నిలిచియున్నది. అందు మ్రొక్కువారిలో వియత్నామువారును చీనావంశీయులును కలరు. మన యమ్మవారికి అగరువత్తి వెలిగించుటకు వారు సంకోచింపలేదు. వారి పీటమీద కూర్చుండుటకు మనకు సంకోచము! మన యానాము ఫ్రెంచి పాలననుండి బయటపడిన 1954వ సంవత్సరముననే వియత్నాములోను ఆ పాలన యంతమొందెను. ఒకే దొరతనము క్రింద నలిగిన రెండు జనములలో ఒకటి రెండవదానిని అశుచి యని తలచుటకంటె వింత యేమున్నది?

రెండవ యాక్షేపణ స్త్రీలను గూర్చినది. బాడుగ మోటారు సైకిలును ఆ భాషలో ‘సె ఓమ్’ అందురు; సె యనగా బండి, ఓమ్ అనగా కౌగిలించుకొనుట. ఈ యర్థము వినగానే మన పెద్దలు చెవులు మూసికొందురు. కాని ఆ పేరు పడిపోకుండ పట్టుకొనవలసిన యవసరమునుండి పుట్టినదే గాని వేఱొకటి కాదు. పురుషుని వెనుక కూర్చుండుటకు ఇష్టపడని స్త్రీలకొఱకు, ‘ఆవో జాయి’ అను పొడవైన దుస్తులు ధరించిన యువతులే బండ్లు నడపు యాత్రలును ఆ నగరమున కలవు. అయినను మన యాక్షేపణ చల్లారదు. భర్తయు కుమారులును బండ్లెక్కి పోవుదురు. ఇల్లాలు గదిలో పెట్టెలకు కాపలా యుండును. ‘ఆమెకు భయము’ అని ఆమె బదులు వారే చెప్పుదురు. నిజముగా భయమో కాదో ఆమె నడిగినవారు లేరు.

ఆ నగరపు స్త్రీలను చూడుడు. పిల్లలను వెనుక నెక్కించుకొని బడికి పోవు తల్లులు, కూరగాయల గంపలు కట్టుకొని సంతకు పోవు ముదుసలులు, కార్యాలయములకు పోవు పడుచులు, అందఱును తమ బండ్లను తామే నడపుకొందురు. మన యిండ్లలోను బండ్లు నడపు స్త్రీలు లేకపోలేదు. కాని వెనుక కూర్చుండు స్త్రీ రెండు కాళ్ళును ఒక్క ప్రక్కకే వేసికొనవలెనను కట్టుబాటు అనేక కుటుంబములలో నిలిచియేయున్నది. అట్లు కూర్చున్నవారికి నిలకడ తక్కువ; బండి కుదిపినప్పుడు జాఱిపడుట సులభము. ప్రాణముకంటె కూర్చుండు తీరు గొప్పదని యే శాస్త్రము చెప్పినది? సోదరీమణులారా, తగిన దుస్తులు ధరించి, ఇరుప్రక్కల కాళ్ళు వేసి, హెల్మెట్టు బిగించుకొని కూర్చుండుడు. పరదేశమున ఒక్క సాయంకాలము అట్లు కూర్చున్న స్త్రీ యింటికి వచ్చిన పిమ్మట మఱల ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండుటకు ఒప్పుకొనదని మా యాశ. మన పెద్దల భయమును బహుశః అదియే.

మూడవది మనము మిక్కిలి సిగ్గుపడవలసిన విషయము. మన దేశమున కారు నడపువాడు యజమానుని భోజనశాల వాకిట దింపి తాను చెట్టుక్రింద నిలుచుండును. పెండ్లిలో వానికి కడపటి పంక్తి. కొన్ని యిండ్లలో నేటికిని వేఱు గ్లాసు. ఈ యలవాటును వెంటబెట్టుకొని పోయినవారికి సైగానులో చిక్కు వచ్చును. ఏలయనగా, ఆ యాత్రలో బండి నడపువారే మార్గదర్శకులు. వారు మనతోకూడ అదే చిన్న బల్లచుట్టు, అదే యెత్తు పీటమీద కూర్చుండి, అట్టుముక్కను ఆకులో చుట్టి పులుసులో ముంచుట యెట్లో తమ చేతులతో చూపుదురు. అట్టివారిని ప్రక్క బల్లకు పంపివేయుటయు, ముందుగా ఒప్పుకొన్న వెలను కడపట గీచి గీచి తగ్గింపజూచుటయు మనవారియందు కలవు. ఆ యువతీయువకులలో విద్యార్థులు అనేకులు. చదువు ఖర్చులకును, పరభాషలో మాటలాడు నేర్పునకును ఈ పనిని ఆశ్రయించినవారు. ఎఱుగని నగరములో, రాత్రివేళ, మన ప్రాణములను గంటలకొలది వారి చేతిలో పెట్టితిమి. ప్రాణము నప్పగించుటకు తగిన చేయి పళ్ళెము పంచుకొనుటకు తగదా?

ఇక దర్శనీయస్థలముల మాట. సాధారణముగా యాత్రికులకు మొదట ఫ్రెంచివారి కట్టడములనే చూపుదురు. 1880లో పూర్తియైన నోత్ర్ దామ్ చర్చియు, 1891లో పూర్తియైన తపాలా కార్యాలయమును చూడదగినవే. కాని ఆ తపాలా భవనమును పారిసు గోపురము కట్టిన ఐఫెలే కట్టెనను కథ యింకను చెప్పబడుచున్నది. అది నిజము కాదు. దానిని రూపొందించినవాడు ఫులూ అను వేఱొక వాస్తుశిల్పి. గొప్ప పేరు తగిలించిననే గాని భవనమునకు గౌరవము రాదనుకొనుట దాస్యబుద్ధి. 1966లో పూర్తియైన స్వాతంత్ర్య భవనము వియత్నాము వాస్తుశిల్పి న్గొ వియెత్ థు కల్పన. 1975 ఏప్రిలు 30న దాని ద్వారములను ట్యాంకులు పడగొట్టుటతో ఆ దీర్ఘయుద్ధము ముగిసెను.

వీనికంటె మనము నిలువవలసిన చోటు ఒక నాలుగువీథుల కూడలి. 1963 జూను 11న థిచ్ క్వాంగ్ దుక్ అను వృద్ధభిక్షువు, బౌద్ధులను పీడించుచున్న ప్రభుత్వమును ధిక్కరించి, అచట పద్మాసనమున కూర్చుండి తన దేహమును అగ్నికి సమర్పించెను. నేడు ఆ చోట స్మారకము కలదు. బస్సు కిటికీలోనుండి చూచినవానికి అది క్షణములో వెనుకబడిపోవును. మోటారు సైకిలైనచో దిగి, ఇంజిను ఆపి, కొంతసేపు మౌనముగా నిలువవచ్చును. అటుపిమ్మట చీనావంశీయుల చోలోను పేటలోనికి పోయినను, హో థి కీ పూలసంతలో మోపులు దింపు కూలీలనడుమ నిలిచినను, ఈ జనులు ఎంతటి దుఃఖమును దాటి యింతటి జీవనోత్సాహమును నిలుపుకొనిరో బోధపడును.

మాకు ఎదురుగా న్యాయమైన మాటలును రెండు కలవు. వానిని దాటవేయము. ఒకటి ప్రమాదము. ఆ దేశపు రోడ్లమీద ప్రమాదములు లేవని మేము చెప్పము. అచట మోటారు సైకిలుమీద హెల్మెట్టు 2007 డిసెంబరునుండి తప్పనిసరి. 2020 జనవరినుండి మద్యము చుక్కయైనను త్రాగి బండి నడపుట నేరము. నడపువారికి అనుమతిపత్రము కలదా, బీమా కలదా, హెల్మెట్టు మన తలకు సరిపోవునా యని యడిగి తెలిసికొనుడు. వాన జోరుగా కురియునప్పుడు మానుకొనుడు. కాని ఇంటిల్లిపాదిని ఒక్క స్కూటరుమీద కుక్కి, హెల్మెట్టు లేకయే మన యూరిలో తిరుగువారు సైగాను ప్రమాదములను గూర్చి ఉపన్యసించుట మాత్రము వింతగా నున్నది.

రెండవది ఇంతకంటె బలమైనది. పేదల సందులు ధనికులకు వినోదశాలలు కావలెనా యని యడుగుదురు. కారాదనియే మా యుత్తరము. తెఱచిన వాకిటిలో అన్నము తినుచున్న కుటుంబమును అడుగక ఫొటో తీయువాడు వారి మానమును అపహరించుచున్నాడు. మన గుడిసెల వాకిళ్ళలో పరదేశీయులు అట్లు చేసినప్పుడు మనకెంత మండునో తలచుకొన్న చాలును. అయితే దీనికి విరుగుడు పోకుండుట కాదు, అతిథివలె పోవుట. అడిగి ఫొటో తీయుడు; వలదన్నచో యంత్రమును సంచిలో పెట్టుడు. కడుపునిండ కొని తినుడు. ‘కామ్ ఒన్’ అని వారి భాషలో కృతజ్ఞత తెలుపుడు. వారి పేదఱికమును గూర్చి జాలిమాటలు వలదు. వారి పనితనమును గూర్చి ప్రశ్నలు వేయుడు.

ఇంతకును అసలు పరీక్ష సైగానులో లేదు, తిరిగివచ్చిన పిమ్మట కలదు. హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో మనలను దినమంతయు త్రిప్పిన ఆటోవానిని మన బల్లయొద్ద కూర్చుండబెట్టి కాఫీ యిప్పింతుమా? ఇంటి యాడపడుచు చేతికి బండి తాళపుచెవి యిత్తుమా? వీథిమొగలో అట్లు పోయు ముసలమ్మ శుభ్రతను చూచుటతో తృప్తిపడి, ఆమె కులమును విచారింపక, ఆమె చేతి యట్టు తిందుమా? ఇవి చేయగలిగినవానికి సైగాను ప్రయాణము ఫలించినట్లే. చేయలేనివాడు ఎన్ని వేల మైళ్ళు తిరిగివచ్చినను, తన వంటయింటి గడపను దాటనివాడే.