పేరు వయ్యారిభామ, చేటు చెనిక్కాయకు

వానలు పడిన నెలన్నరకు హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళి చూడండి. పట్టాల వెంబడి బీడు కనిపించిన చోటల్లా సన్నని తెల్లపూలు. కంటికి ఇంపుగానే ఉంటాయి. అదే వయ్యారిభామ! శాస్త్రజ్ఞులు పెట్టిన పార్థీనియం అన్న పేరుకు మూలమైన గ్రీకు పదానికి కన్య అని అర్థం. మొత్తానికి ఉభయభాషలవారూ నిందను ఆడవారి మీదికే నెట్టారు. అమెరికా గోధుమలతో దిగిందన్న వాడుకను బట్టి కొందరు 'కాంగ్రెసు గడ్డి' అన్నారు. నాకు గడ్డి అన్నమాటే అభ్యంతరం. ఇది చామంతి కుటుంబంలోనిది. గడ్డియైతే పశువు మేయాలి కదా! దీనిని పశువు ముట్టదు. ఆకలికి తాళలేక మేసిందా, పాలు చేదెక్కుతాయి.

పేర్ల గొడవ అటుంచండి. 2000వ సంవత్సరం ఖరీఫులో మా అనంతపురం జిల్లాలో (ఈ మూడు ఊళ్ళూ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి) సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ కాండం కుళ్ళు వైరసు తెగులుకు గురైంది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని లెక్కగట్టారు. ఆ వైరసు వయ్యారిభామలో ఉంటుంది. దాని మొక్కకు మాత్రం జబ్బు లక్షణమేదీ కనబడదు. పుప్పొడి గాలికి లేచి చెనిక్కాయ ఆకుపై వాలుతుంది, తామరపురుగుల ఒంటికి అంటుకొని కూడా వస్తుంది. ఆ పురుగు ఆకును గీరిన గాయంలో నుండి వైరసు లోనికి పోతుంది. చెనిక్కాయ కూడా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే సుమా! కనుక పరదేశపు మొక్క అన్నది నా ఫిర్యాదు కాదు.

గట్లు శుభ్రం చేసుకొమ్మనీ, చేని చుట్టూ జొన్నగాని సజ్జగాని నాలుగు సాళ్ళు వేసుకొమ్మనీ రైతుకు చెబుతారు. మంచి సలహాలే, కాదనను. అయితే పుప్పొడికి సర్వే రాళ్ళు తెలియవు. రైతు తన గట్టున ఒక్క మొక్కనూ మిగల్చకున్నా, అవతల రైలుకట్ట, 44వ నంబరు జాతీయ రహదారి అంచులు, చెరువుకట్ట, రాళ్ళు పాతి వదిలేసిన ఇళ్ళస్థలాలు ఉన్నాయి కదా! అక్కడ పెరిగేదానికి కూలి ఎవరివ్వాలి? వానకోసం ఆకాశం వైపు చూచే మెట్టరైతేనా? ఇది నాకు న్యాయంగా తోచదు. స్థలం ఎవరిదో, పీకించే బాధ్యత వారిదే కావాలి.

ఆకులు తినే మెక్సికో పెంకుపురుగును 1984లో మన పొరుగునున్న బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అది వానాకాలంలో కొంత మేలు చేస్తుంది గాని, దానికే అప్పగించి కూర్చోరాదు.

పీకించినా అదనులో పీకించాలి. మొలిచిన నెల, నెలన్నరకే పూతకు వస్తుంది. ఒక్కో మొక్క వేలకొలది గింజలు రాలుస్తుంది. ఏ పెద్దమనిషో వస్తున్నాడని విరబూసిన తరువాత కోయించి దారి పక్కన కుప్ప వేస్తే, మరుసటి ఏటికి విత్తనం చల్లినట్లే. పంచాయతీలూ, పురపాలక సంఘాలూ, రైల్వేవారూ, రహదారులవారూ తొలకరి తరువాత మూడవ వారంలోనే, నేల పదునుగా ఉన్నప్పుడే, వేళ్ళతో సహా తీయించాలి. తీసేవారికి చేతితొడుగులూ ముక్కుగుడ్డా ఇవ్వాలి; దీని వలన ఒంటికి దద్దుర్లూ, కొందరికి ఉబ్బసమూ వస్తాయి.