పలకమీద మెదడు

మార్కాపురమునకు ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరై, కట్టడము మొదలైన నాటినుండి ఈ పడమటి సీమలో చర్చయంతయు గోడలను గూర్చియు, నిధులను గూర్చియు సాగుచున్నది. రేపు ఆ గోడల నడుమ కూర్చుండి మెదడు నిర్మాణమును అభ్యసింపవలసిన గిద్దలూరు పిల్లవాని కష్టమును తలచువారు అరుదు.

ఎముకను చేతబట్టి చూడవచ్చును, కండరమును వేరుచేసి చూపవచ్చును. కాని సుమారు 1,400 గ్రాముల ఆ మెత్తని ముద్ద, ఫార్మలినులో గట్టిపడిన పిదప సయితము, తనలోని నాడీమార్గములను కత్తికి సులభముగ చిక్కనీయదు. 12 జతల కపాలనాడులు ఎక్కడ పుట్టి, ఏ రంధ్రమున వెలువడి, ఎచ్చటికేగునో కంఠస్థము చేసిన విద్యార్థియే, మెదడులోని నాడీమార్గములు కుడియెడమలు మారుచోట తడబడును. పేర్ల బాధ వేరొకటి: థాలమస్ అనగా గ్రీకున లోపలి గది, అమిగ్డల బాదంకాయ, హిప్పోకాంపస్ సముద్రగుఱ్ఱము. ఈ అర్థములను మొదటి దినముననే తెనుగున చెప్పినచో సగము భయము తీరును, చెప్పువారేరి?

1664లో థామస్ విల్లిస్ మెదడును గూర్చి వెలువరించిన గ్రంథమునకు పెక్కు బొమ్మలు గీసినవాడు, పిమ్మట లండనులో సెయింట్ పాల్ చర్చిని రూపొందించిన క్రిస్టఫర్ రెన్. గీసినగాని కన్ను చూడదని నా నమ్మకము. బడిపిల్లలకు పలకలనిచ్చిన మార్కాపురమున, ఈ పాఠమునకు తెరమీది బొమ్మకన్న పలకయు బలపమునే మేలు: మెదడుకాండపు అడ్డుకోతను గీచి, తుడిచి, మరల గీయవలెను. అయితే శవము లేని బల్లయెదుట పలకయు నిరర్థకమే. శరీరదానమునకు సమ్మతించు కుటుంబములను మన గ్రామములలో ఇప్పటినుండియే వెదకవలసియున్నది.